నాన్నగారి జన్యు రిపోర్టు, నా పెళ్లి

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక అమ్మాయి ఆరు పేజీల ఉత్తరం రాశారు. చివర సంతకం చేసి, మళ్లీ కొట్టేశారు. ఆమె వయసు 26. తాతగారి కాలంలో బొబ్బిలి వైపు నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబం. ఆమె ఒక ప్రైవేటు బడిలో టీచరు. నాన్నగారికి 61 ఏళ్లు, మిల్లు ఉద్యోగం నుంచి నిరుడు రిటైరయ్యారు.

రెండేళ్లుగా స్నానం చేసి వచ్చిన ప్రతిసారీ నాన్నగారికి ఒళ్లంతా సూదులు గుచ్చినట్లు దురద. చర్మం మీద మచ్చ గానీ దద్దురు గానీ కనిపించదు. సబ్బు మార్చారు, వేపాకు వేసి కాచిన నీళ్లు పోశారు, చివరికి తప్పు బోరు నీళ్లదని తేల్చారు. ముఖం ఎర్రబడితే "రిటైరయ్యాక రంగు తేలాడు" అని చుట్టాలు మెచ్చుకున్నారు. ఈ మధ్య తలనొప్పులు మొదలై, ఒకరోజు కాసేపు కళ్లు మసకబారితే రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 19.1, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 57 శాతం, తెల్లకణాలు 14,200, ప్లేట్‌లెట్లు 6.2 లక్షలు. విశాఖపట్నంలో రక్తవ్యాధుల నిపుణుడు జన్యుపరీక్షకు పంపారు. "జాక్2 వి617ఎఫ్ ఉంది, 38 శాతం" అని రిపోర్టు వచ్చింది. పాలిసైథీమియా వేరా అనే దీర్ఘకాలిక రక్తక్యాన్సర్ అని ఆయన చెప్పారు. రెండుసార్లు రక్తం తీయించి, ఆస్పిరిన్, హైడ్రాక్సీయూరియా రాశారు. ఎరిత్రోపోయిటిన్ పరీక్ష, ఎముక మూలుగ పరీక్ష చేయించుకుని రమ్మన్నారు.

అక్కడి నుంచి ఇల్లు తలకిందులైంది. వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయని నాన్నగారు మూలుగ పరీక్షకు ససేమిరా అంటున్నారు. ఆయనకు క్యాన్సర్ అన్న మాట ఎవరూ చెప్పలేదు, రక్తం చిక్కబడిందని మాత్రమే తెలుసు. పెద్దమ్మ కొడుకు సికిల్ సెల్ (కొడవలి కణాల) జబ్బుకు వాడేదీ ఈ హైడ్రాక్సీయూరియా మాత్రే కాబట్టి రెండూ ఒకటేనని, వంశంలో ఉందని అమ్మగారి నమ్మకం. పెళ్లికి ముందు అమ్మాయికి కూడా గుట్టుగా అదే జన్యుపరీక్ష చేయించాలంటున్నారు. చిన్నాన్నగారు రిపోర్టు చూసి "క్యాన్సర్ 38 శాతం వచ్చేసింది, పెళ్లయ్యేదాకా నోరు విప్పకండి" అన్నారు. పార్వతీపురం సంబంధం ఖాయమైంది, వచ్చే నెల నిశ్చితార్థం. "ఇది నిజంగా క్యాన్సరేనా? నాకూ వస్తుందా? అబ్బాయి వాళ్లకు చెప్పాలా? నాన్నను ఎలా ఒప్పించాలి?" ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

ముప్ఫై ఏళ్లకు పైగా సూక్ష్మదర్శిని ముందు కూర్చుని ఇతరుల రక్తం చూసినవాణ్ని. మీ నాన్నగారిని నేను పరీక్షించలేదు. నా దగ్గర ఉన్నవి మీరు రాసిన అంకెలు మాత్రమే, కాబట్టి మందుల విషయంలో మీ విశాఖ డాక్టరుగారి మాటే చెల్లుతుంది. కానీ మీ ఇంటిని కుదిపేస్తున్నది జబ్బు ఒక్కటే కాదు. "జన్యువు" అన్న ఒక్క మాటను పట్టుకుని తలా ఒకరు తలో వైపు లాగుతున్నారు. ముందు ఆ మాట సంగతి చూద్దాం.

ఎర్రకణాలు ఎన్ని కావాలో మూలుగకు కబురు పంపేవి మూత్రపిండాలు. ఒంట్లో ఆక్సిజన్ తగ్గినప్పుడు అవి ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోనును ఎక్కువగా వదులుతాయి. అది మూలుగలోని కణం తలుపు తడుతుంది. తలుపు లోపలి వైపు నిలబడి ఆ కబురు అందుకునేది జాక్2 అనే ప్రోటీన్. మీ నాన్నగారిలో ఆ ప్రోటీన్ తయారీ సూత్రంలో ఒక్క అక్షరం తప్పు పడింది. దానివల్ల 617వ స్థానంలో వాలీన్ అనే అమైనో ఆమ్లం ఉండవలసిన చోట ఫినైల్‌అలనీన్ అనే మరొకటి వచ్చి కూర్చుంది. రిపోర్టులో మిమ్మల్ని బెదరగొట్టిన వి617ఎఫ్‌కు అర్థం ఇంతే. ఈ అచ్చుతప్పు ఫలితంగా, ఎవరూ తలుపు తట్టకపోయినా తట్టినట్లే పని జరిగిపోతుంది. కాలువ తూము తలుపు ఎత్తినచోటే బిగుసుకుపోతే, పొలానికి నీళ్లు కావాలో వద్దో ఎవరు చూస్తారు? అలా మునుగుతోంది ఆయన రక్తం.

ఇప్పుడు అసలు మాట. ఈ తప్పు ఆయన పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. పెద్దయ్యాక, ఎప్పుడో, మూలుగలోని ఒకే ఒక్క మూలకణంలో పడింది. ఆ కణం సంతానమంతా దాన్ని మోస్తోంది. అది తల్లిదండ్రుల నుంచి ఆయనకు రాలేదు, ఆయన నుంచి మీకు అందలేదు. రిపోర్టులో ఉన్న జన్యువు ఆయన మూలుగ కథే గాని మీ వంశ కథ కాదు. నిజం మొత్తం చెప్పాలంటే, ఈ రకం జబ్బులు ఒకే కుటుంబంలో ఇద్దరికి కనిపించిన సందర్భాలు ఉన్నాయి. రోగి తోబుట్టువుల్లో, పిల్లల్లో అవకాశం మిగతావారికన్నా కొన్ని రెట్లు ఎక్కువని తేలింది కూడా. అయితే మూలంలోనే చాలా అరుదైన జబ్బు ఇది. అంత చిన్న అంకెను కొన్ని రెట్లు చేసినా చిన్నదే వస్తుంది. అందుకే జబ్బు లక్షణాలు లేని పిల్లలకు జాక్2 పరీక్ష చేయించరు. పైగా వయసు మళ్లుతున్నకొద్దీ ఏ జబ్బూ లేనివాళ్ల రక్తంలో కూడా ఈ అచ్చుతప్పు కొద్దిపాటిగా కనిపించవచ్చు. గుట్టుగా చేయించిన పరీక్షలో అలాంటిదేదో బయటపడితే, చికిత్స లేని భయం ఒకటి జీవితమంతా మీ వెంట వస్తుంది. మనసు కుదుటపడాలంటే మామూలు రక్తకణాల లెక్క చేయించుకోండి, చాలు.

ఆ 38 శాతం గురించి మీ చిన్నాన్నగారికి చెప్పండి: అవి క్యాన్సర్‌కు వేసిన మార్కులు కావు. పరీక్షకు ఇచ్చిన రక్తంలో ఆ జన్యువు ప్రతులు వంద లెక్కపెడితే 38 ప్రతుల్లో అచ్చుతప్పు ఉందని దాని అర్థం. ముందుముందు జబ్బు నడకను గమనించడానికి డాక్టర్లకు పనికివచ్చే అంకె. జబ్బు ముదురుపాకాన్ని కొలిచే అంకె కాదు.

క్యాన్సరేనా అని అడిగారు. అవును. కాదని చెప్పి ఓదార్చలేను. కానీ ఈ పేరుకు ఒక చరిత్ర ఉంది. ఈ జబ్బును 1892లో ఫ్రాన్స్‌లో వాకే అనే వైద్యుడు వర్ణించాడు. 1951లో అమెరికాలో డేమ్‌షెక్ దీన్నీ దీని చుట్టాలైన మరికొన్ని రక్తవ్యాధులనూ ఒకే కుదురుకు చేర్చాడు. అన్నేళ్లూ వీటిని "వ్యాధులు" అనేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వర్గీకరణలో "వ్యాధి" అన్న మాట తీసేసి "కంతి" జాతి పేరు పెట్టింది 2008లో. జబ్బు అదే, నడక అదే, పేరు మారింది. సినిమాల్లో చూసే క్యాన్సర్‌ను దీనికి అంటగట్టకండి. సరిగా చూసుకుంటే పదేళ్లు, ఇరవై ఏళ్లు దీనితో కాపురం చేసేవాళ్లున్నారు. కొద్దిమందిలో ఏళ్లు గడిచాక మూలుగ పీచుగట్టడం, ఇంకా అరుదుగా తీవ్రమైన రక్తక్యాన్సర్‌గా మారడం జరుగుతుంది. అందుకే జీవితాంతం పరీక్షలు తప్పవు.

నేను చదువుకునే రోజుల్లో దీన్ని తేల్చడం పెద్ద తతంగం. ఎర్రకణాలకు రేడియోధార్మిక క్రోమియం అంటించి ఒంట్లో ఎర్రకణాల మొత్తం ఎంత ఉందో కొలిచేవారు. చుట్టల వల్లనా, ఊపిరితిత్తుల జబ్బు వల్లనా, మూత్రపిండంలో కంతి వల్లనా అని ఒక్కొక్కటే కొట్టేస్తూ వస్తే, ఆఖరికి మిగిలింది ఇది. 2005లో నాలుగు పరిశోధక బృందాలు దాదాపు ఒకేసారి ఈ అచ్చుతప్పును పట్టుకున్నాయి. ఈ జబ్బున్న నూరుమందిలో 95 మందికి పైగా అదే తప్పు! ఇవాళ ఒక చిన్న గొట్టం రక్తంతో అది తెలిసిపోతోంది. ఈ మార్పు చూడడానికి బతికి ఉన్నందుకు నాకు ఇప్పటికీ ఆనందమే. మీ నాన్నగారు చుట్ట కాలుస్తారనీ, అది మానేస్తే రక్తం పలచబడుతుందనీ చిన్నాన్నగారు అన్నట్లు రాశారు. పొగతో హిమోగ్లోబిన్ పెరగడం నిజమే. కానీ వి617ఎఫ్ బయటపడ్డాక నేరం చుట్ట ఒక్కదాని మీదే తోసేయలేం. అయినా చుట్ట మానవలసిందే. చిక్కటి రక్తానికి పొగ తోడైతే గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది.

మరి జన్యుపరీక్షలో అంతా తేలిపోతే మూలుగ పరీక్ష ఎందుకు అంటే, ఇదే అచ్చుతప్పు ప్లేట్‌లెట్లు పెరిగే జబ్బులోనూ, మూలుగ పీచుగట్టే జబ్బులోనూ సుమారు సగం మందిలో ఉంటుంది. ఒకే ఇంటిపేరున్న ముగ్గురు అన్నదమ్ములు అనుకోండి. ఇంటిపేరు తెలిసింది, వచ్చినవాడు ఎవరో మూలుగ చెబుతుంది.

ఇక్కడ మీ నాన్నగారికి రెండు దారులున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లోనే ఒక వెసులుబాటు ఉంది. మగవారిలో హిమోగ్లోబిన్ 18.5 దాటి, జాక్2 తప్పు ఉండి, ఎరిత్రోపోయిటిన్ తక్కువగా ఉంటే మూలుగ పరీక్ష లేకుండానే జబ్బును నిర్ధారించవచ్చు. ఆయన హిమోగ్లోబిన్ 19.1. కాబట్టి ముందు ఆ ఎరిత్రోపోయిటిన్ పరీక్ష చేయించండి. దానికి మామూలు రక్తం చాలు, ఆయన వద్దనరు. అది తక్కువగా వస్తే, మూలుగ పరీక్షను కొన్నాళ్లు వాయిదా వేయవచ్చా అని డాక్టరుగారిని సూటిగా అడగండి. వాయిదాకు ఒక మూల్యం ఉంది. మొదట్లోనే మూలుగలో కొద్దిగా పీచు చేరిందా లేదా అన్నది ఆ పరీక్షలోనే తెలుస్తుంది. ఇప్పుడు చూసుకోకపోతే, అయిదేళ్ల తరవాత పీచు కనిపించినప్పుడు అది పాతదా కొత్తదా అని పోల్చుకోవడానికి ఆధారం ఉండదు. నేనైతే చేయించుకునేవాణ్ని. వద్దన్నంత మాత్రాన వైద్యం ఆగిపోదు.

ఆయన భయానికి మాత్రం మందు ఉంది. మూలుగ తీసేది వెన్నుపాము నుంచి కాదు. నడుము కింద, పిరుదు పైభాగంలో చేతికి తగిలే తుంటి ఎముక వెనుక అంచు నుంచి తీస్తారు. అక్కడ కాళ్లు పడిపోయేలా చేసే నరాలేవీ సూదికి అడ్డం రావు. మత్తు సూది వేస్తారు. లోపలి నుంచి లాగేటప్పుడు కొన్ని క్షణాలు గట్టిగా నొప్పి పుడుతుంది, రెండు మూడు రోజులు సలుపు ఉంటుంది. నొప్పే ఉండదని అబద్ధం చెప్పి తీసుకెళ్లకండి, రెండోసారి రారు.

మీ ఇంట్లో తొందరపడవలసిన విషయం పెళ్లి కాదు, గడ్డలు. ఈ జబ్బు మనిషిని దెబ్బతీసేది ఎక్కువగా గుండెలోనో మెదడులోనో కాలిలోనో రక్తం గడ్డకట్టించడం ద్వారా. కళ్లు మసకబారిన రోజు సంగతి డాక్టరుగారికి చెప్పారో లేదో మీరు రాయలేదు, తప్పక చెప్పండి. హెమటోక్రిట్‌ను 45 శాతం లోపు ఉంచాలి. ఇటలీలో జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, 45 లోపు ఉంచినవారితో పోలిస్తే 45కూ 50కీ మధ్య వదిలేసినవారిలో గుండె, రక్తనాళాల మరణాలు, పెద్ద గడ్డలు దాదాపు నాలుగింతలయ్యాయి. రక్తం తీయడం దానికే. మీ ఊళ్లో "ఉన్న రక్తం తోడేస్తున్నారు" అని బాధపడుతూ ఐరన్ టానిక్ పోస్తున్నారని రాశారు. దయచేసి ఆ సీసా పక్కన పెట్టండి. తీసిన రక్తంతో పాటు ఇనుము పోతుంది, ఆ కొరతే కొత్త ఎర్రకణాల తయారీకి కళ్లెం. చోడి అంబలి, ఆకుకూరలు మామూలుగా తినవచ్చు. సొంత వైద్యంగా ఐరన్ మాత్రలు మాత్రం వద్దు. తీసిన రక్తం మరొకరికి ఎక్కించడానికి పనికిరాదు కాబట్టి రక్తదాన శిబిరానికి పంపాలన్న ఆలోచన కూడా మానుకోండి.

ఒక కాలు ఉన్నట్టుండి వాచినా, మాట తడబడినా, ఒకవైపు చెయ్యో కాలో బలం తగ్గినా, ఛాతీలోగాని పొట్టలోగాని తీవ్రంగా నొప్పి వచ్చినా విశాఖ రైలు కోసం చూడకుండా దగ్గరలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మాటిమాటికీ విశాఖ ప్రయాణం అవసరం లేకుండా, రక్తం తీయడం వరకు మీ జిల్లాలోనే కుదురుతుందేమో డాక్టరుగారి చేత చీటీ రాయించుకుని అడగండి. ఒడిశా ఆరోగ్య కార్డు ఆంధ్రలోని ఆసుపత్రిలో ఈ జబ్బుకు చెల్లుతుందో లేదో వైద్యం మొదలయ్యాక కాదు, ముందే కౌంటరులో కనుక్కోండి. సరిహద్దు ఊళ్లవాళ్లకు ఈ తిప్పలు కొత్త కాదు.

అమ్మగారి మాటకు వద్దాం. ఆమె భయం పూర్తిగా తప్పు కాదు, గురి తప్పిందంతే. హైడ్రాక్సీయూరియా రెండు జబ్బులకూ వాడతారు. సికిల్ సెల్‌లో అది పసితనపు హిమోగ్లోబిన్‌ను పెంచి కణాలు కొడవలిలా వంగకుండా కాపాడుతుంది. మీ నాన్నగారి విషయంలో మూలుగ దూకుడును తగ్గిస్తుంది. 60 దాటినవారికి గడ్డల ప్రమాదం ఎక్కువ కాబట్టి రాశారు. మాత్ర ఒకటే, జబ్బులు వేరు.

కానీ సికిల్ సెల్ నిజంగా వంశంలో నడిచే జబ్బు. మీ పెద్దమ్మ కొడుక్కి ఆ జబ్బు ఉందంటే పెద్దమ్మ దాదాపు తప్పనిసరిగా వాహకురాలు, అంటే జబ్బు లేకుండా ఆ జన్యువును మోస్తున్న మనిషి. అలాంటప్పుడు ఆమె చెల్లెలైన మీ అమ్మగారు వాహకురాలయ్యే అవకాశం సగం, మీకు అందులో సగం. వాహకులకు సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు. పెళ్లాడేవారిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. దక్షిణ ఒడిశాలోనూ మన ఉత్తరాంధ్ర మన్యంలోనూ ఇది ఊరికే కొట్టిపారేసే విషయం కాదు. 2023 జులై 1న కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 40 ఏళ్ల లోపువారికి పరీక్షలు చేస్తున్నది ఇందుకే. పెళ్లికి ముందు రక్తపరీక్ష చేయించుకోవాలని అమ్మగారు పట్టుబడుతున్నారు కదా, ఇది చేయించుకోండి. మీరు వాహకురాలని తేలితే అబ్బాయి కూడా చేయించుకోవాలి. ఆయనకు లేకపోతే ఆ భయం అక్కడితో తీరిపోతుంది. ఇద్దరికీ ఉన్నా పెళ్లి మానుకోవాలని కాదు. కాన్పు ముందు చేసే పరీక్షల గురించి ముందే మాట్లాడుకునే వీలుంటుంది.

ఇక అబ్బాయి వాళ్లకు చెప్పడం. ఇది మీ నాన్నగారి జబ్బు. మీ కన్నా, చిన్నాన్న కన్నా, నా కన్నా ముందు ఆయనకు దాని మీద హక్కుంది. ఆయనకే తెలియని పేరు పార్వతీపురంలో చెప్పడం ఏం న్యాయం? పేరు దాచడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. చిక్కబడిన రక్తం పలచబడిందనిపించిన రోజు ఆయన మాత్రలు మానేస్తారు. ముందు ఆయనకు చెప్పండి. మీరు చెప్పలేకపోతే డాక్టరుగారి ఎదుట చెప్పించండి. "క్యాన్సర్" తో మొదలుపెట్టి ఆపేయకుండా, గడ్డలు రాకుండా చూసుకుంటే ఏళ్లు గడుస్తాయన్న మాట దాకా వెళ్లాలి.

ఆ తరవాత మీ ముందు మూడు దారులుంటాయి. ఎవరికీ చెప్పకపోవడం మొదటిది. మీకు సంక్రమించేది కాదు కాబట్టి అది మోసం అని నేను అనను. కానీ దాగుతుందా? దాచమంటున్న చిన్నాన్నగారే రిపోర్టు ఫొటోను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టారని మీరే రాశారు. రాయగడలో దగ్గితే పార్వతీపురంలో వినిపిస్తుంది. రేపు ఎవరి నోటినుంచో "వాళ్లింట్లో జన్యువుల్లో క్యాన్సర్ ఉందట" అని చేరితే, దాన్ని సరిదిద్దే అవకాశం మీకు రాదు. పెద్దల సమక్షంలో నిశ్చితార్థం రోజో ఆ ముందు రోజో చెప్పడం రెండోది. పదిమందిలో ఈ విషయం పంచాయితీ అవుతుంది, జాక్2 గురించి ఎవరూ వినరు. నాన్నగారి అనుమతితో, నిశ్చితార్థానికి ముందే, అబ్బాయికి మీరే చెప్పడం మూడోది. "నాన్నకు రక్తం జబ్బు వచ్చింది, చికిత్స జరుగుతోంది, వంశపారంపర్యం కాదని డాక్టరు చెప్పారు, కావాలంటే ఆయనతో మాట్లాడవచ్చు" అంటే సరిపోతుంది. సికిల్ సెల్ పరీక్ష మాట కూడా అప్పుడే ఎత్తవచ్చు. ఇందులో సంబంధం తప్పిపోయే ప్రమాదం ఉంది, లేదని చెప్పను. మావగారి జబ్బు వింటే వెనక్కి తగ్గే మనిషి ఎవరో పెళ్లికి ముందే తెలుస్తుంది. నా మొగ్గు ఇటే. పెళ్లి చేసుకునేది మీరు, ఆ ఇంట్లో ఉండబోయేదీ మీరే. అబ్బాయి ఎలాంటివాడో నా కన్నా మీకు తెలుసు.

మరొక్క సంగతి. మన ఇళ్లలో కన్యాదానం చేసే తండ్రి ఉపవాసం ఉంటాడు. మీ నాన్నగారు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉంటానంటే ఒప్పుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గితే ఆయన రక్తం ఇంకా చిక్కబడుతుంది. నీళ్లు, పాలు, కొబ్బరినీళ్లు తాగవచ్చా అని పురోహితుణ్ని ముందే అడగండి, చాలామంది సరేనంటారు. ఆస్పిరిన్ ఆ రోజు కూడా వేయాలి, దాన్ని ఎప్పుడు ఏం తిని వేసుకోవాలో డాక్టరుగారిని అడిగి ఉంచండి. తెల్లవారుజామున స్నానానికి నీళ్లు మరీ వేడిగా పెట్టకండి, పీటల మీద కూర్చున్నంతసేపూ పాపం దురదతో ఇబ్బంది పడతారు.